డోల్క్ హిమానీనదం అంచు గీసిన వేసవి: నా అనుభవం

రోవర్, అంటే మేం వెంట మోసుకు తిరిగే ఉపగ్రహ రిసీవర్, దాని తెర మీద అంకెలు చూసి ముందు నాదే పొరపాటు అనుకున్నాను. రెండు వారాల కిందట మంచులో నేను పాతిన అల్యూమినియం కర్ర, పాతిన చోట లేదు. ఒరిగిపోలేదు, ఎవరూ పీకలేదు. కింద ఉన్న మంచే దాన్ని నిలువునా మోసుకుని, మనిషి నిలువు కన్నా ఎక్కువ దూరం సముద్రం వైపు జరిగింది. హిమానీనదం పారుతుందని చిన్నప్పటి నుంచి చదువుకున్నదే. కానీ నా చేత్తో దిగ్గొట్టిన కర్ర నడిచి వెళ్లిందని కళ్ళారా చూస్తే గుండె ఝల్లుమంది. చేతి తొడుగు తీసి ఆ కర్రను పట్టుకుని కాసేపు అలాగే మోకాళ్ళ మీద కూర్చుండిపోయాను. మా గైడు భుజం తట్టి "చలో సాబ్, గాలి లేస్తోంది" అనేదాకా లేవలేదు.

ఆ చోటు అంటార్కిటికా తూర్పు వైపున, ప్రిడ్జ్ అఖాతం ఒడ్డున ఉంది. అక్కడ లార్సెమాన్ హిల్స్ అని మంచు లేని రాతిగుట్టలు కొన్ని సముద్రంలోకి చొచ్చుకుని ఉంటాయి. 2012 మార్చి 18న మొదలైన మన భారతి కేంద్రం ఆ గుట్టల మీదే ఉంది. 134 షిప్పింగ్ కంటైనర్లు కలిపి కట్టారు దాన్ని. కొద్ది కిలోమీటర్ల తూర్పున రష్యా వాళ్ళ ప్రోగ్రెస్, చైనా వాళ్ళ ఝోంగ్‌షాన్ కేంద్రాలున్నాయి. గుట్టలు అయిపోయే తూర్పు చివర సముద్రంలోకి దిగేదే డోల్క్ హిమానీనదం. పొడవు దాదాపు 15 కిలోమీటర్లు. అంటార్కిటికా లెక్కలో ఇది చిన్నదే. మేమందరం ఇంగ్లీషు స్పెల్లింగు చూసి 'డాల్క్' అనేవాళ్ళం. అది నార్వే పేరు, వాళ్ళు 'డోల్క్' అంటారని తర్వాత తెలిసింది.

నేను సర్వేయర్ని. మాది శ్రీకాకుళం జిల్లా. నాన్న రెవెన్యూ సర్వేలో చైన్‌మ్యాన్‌గా చేసి రిటైరయ్యారు. పొలం గట్ల మీద ఆయన గొలుసు లాగుతుంటే రెండో కొస పట్టుకున్న రోజులు నాకు గుర్తే. ఎఫ్ఎంబీ, అంటే పొలం కొలతల పుస్తకం, కాగితం మీద సన్నని గీతలు చూపించి, "ఈ గీత కోసం అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేశార్రా" అనేవారు. హద్దు గీత అంటే ఎంత బరువైన పనో నాకు అక్కడే తెలిసింది. హైదరాబాద్ ఉప్పల్‌లో సర్వే శిక్షణ, ఆ తర్వాత ఉద్యోగం. చాలా ఏళ్లకి అంటార్కిటికా వేసవి యాత్రలో మ్యాపింగ్ పనికి అవకాశం వచ్చింది. డోల్క్ సముద్రాన్ని తాకే అంచును గీయాలి, ఉపగ్రహ చిత్రాలను నేలకు సరిగ్గా కట్టడానికి కంట్రోల్ పాయింట్లు, అంటే నేల మీద కచ్చితంగా కొలిచిన గుర్తులు, పెట్టాలి. చుట్టుపక్కల ఏ స్థలానికి ఏ పేరు ఉందో సరిచూసి పట్టిక తయారుచేయడం కూడా నా పనే. ఈ మూడో పని తేలిక అనుకున్నాను. చివరికి నన్ను ఎక్కువగా కదిలించింది అదే.

వెళ్లే ముందు జరిగే తతంగం చాలామంది రాశారు, నేను పొడిగించను. ఢిల్లీ ఎయిమ్స్‌లో వైద్య పరీక్షలు, ఉత్తరాఖండ్‌లోని ఔలీలో ఐటీబీపీ వాళ్ళ మంచు శిక్షణ, గోవాలో ధ్రువ పరిశోధన కేంద్రం దగ్గర సామాను మూటలు, కేప్‌టౌన్ నుంచి ఓడ. నలభై, యాభై డిగ్రీల దక్షిణ అక్షాంశాల మధ్య సముద్రం మనిషిని మంచం మీద పడేస్తుంది. నాలుగు రోజులు మజ్జిగన్నం తప్ప ఏదీ లోపల నిలవలేదు.

ఓడలో కొంచెం కోలుకున్నాక చేసిన మంచి పని ఒకటుంది. ఆ తీరానికి ఉన్న పాత పటాలన్నీ లాప్‌టాప్‌లో వేసుకుని వరసగా చదివాను. ఏ ఊళ్లో సర్వేకి వెళ్లినా ముందు పాత రికార్డు చూడమని నాన్న నేర్పిన అలవాటు.

ఈ తీరాన్ని మొదట చూసినవాళ్ళు శాస్త్రవేత్తలు కారు, నార్వే తిమింగలాల వేటగాళ్ళు. 1935 ఫిబ్రవరిలో కెప్టెన్ క్లారియస్ మిక్కెల్సెన్ ఓడ ఇటు వచ్చింది. ఓడల యజమాని లార్స్ క్రిస్టెన్సెన్ భార్య పేరు ఇంగ్రిడ్. ఆమె పేరే ఈ తీరానికి ఇంగ్రిడ్ క్రిస్టెన్సెన్ తీరం అని స్థిరపడింది. 1936-37లో క్రిస్టెన్సెన్ యాత్రవాళ్ళు విమానం మీంచి ఈ తీరాన్ని ఫోటోలు తీశారు. వాటిని చూసి నార్వేలో బల్లల దగ్గర కూర్చుని పటాలు గీశారు. లార్సెమాన్ గుట్టల్లో ఇప్పటికీ బ్రోక్‌నెస్, స్టోర్నెస్, గ్రోవ్‌నెస్ అని వినిపించే పేర్లన్నీ ఆ పటాల నుంచి వచ్చినవే. డోల్క్ అనేది ముందు హిమానీనదం మూతి దగ్గరున్న చిన్న దీవి పేరు. 1952లో జాన్ రాస్కో అనే అమెరికా భౌగోళికుడు వేరే ఫోటోలు పరిశీలిస్తూ, ఆ దీవి పేరునే పక్కనున్న మంచుకీ ఇచ్చాడు.

రాస్కో చూసిన ఫోటోల వెనక పెద్ద కథే ఉంది. 1946-47లో అమెరికా నౌకాదళం ఆపరేషన్ హైజంప్ అని 13 ఓడలు, దాదాపు 4,700 మందితో అంటార్కిటికా వచ్చింది. సుమారు 70,000 ఫోటోలు తీసుకుని వెళ్లింది. తీరా పటం గీద్దామని కూర్చుంటే, ఆ ఫోటోల్లో చాలావాటిని కట్టడానికి నేల మీద ఒక్క స్థిరమైన కొలత లేదు. ఏ కొండ ఏ అక్షాంశం మీద ఉందో చెప్పే కంట్రోల్ పాయింట్లు లేవు. అందుకే మరుసటి వేసవిలో, 1947-48లో, ఆపరేషన్ విండ్‌మిల్ పేరుతో మళ్ళీ మనుషుల్ని పంపి, హెలికాప్టర్లలో దింపి నేల మీద కొలతలు తీయించారు. ఇది చదివిన రాత్రి నా సామానులోని రిసీవర్లను మరోసారి పరీక్షించుకున్నాను. ఆకాశం నుంచి ఎన్ని బొమ్మలు తీసినా, రాతి మీద నిలబడి కొలిచే మనిషి ఒకడు కావాలి. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.

ఆ పేర్ల పట్టికలో నాకు చాలా నచ్చినవి డోల్క్‌కి పశ్చిమాన, అదే తీరం మీద ఉన్నాయి. రాస్కో అక్కడి హిమానీనదాలకు ధ్రువ పరిశోధన పత్రికల పేర్లు పెట్టాడు. కేంబ్రిడ్జ్ నుంచి వచ్చే పోలార్ రికార్డ్, అమెరికాలో వచ్చే పోలార్ టైమ్స్, జర్మన్ల పోలార్‌ఫోర్షుంగ్, ఇటలీ వాళ్ళ ఇల్ పోలో. ఇవన్నీ వెళ్లి కలిసే మంచు పలకను పబ్లికేషన్స్ ఐస్ షెల్ఫ్ అంటారు. ఎక్కడో అచ్చయ్యే పత్రిక పేరు మీద మంచు నది పారుతోందంటే, అక్షరాన్ని ప్రేమించే ఎవరికైనా ఒళ్ళు పులకరిస్తుంది. ఆ పేజీ నేను మూడుసార్లు చదివాను.

ఇక పని సంగతి.

భారతి దగ్గర రాతి మీద బేస్ రిసీవర్ పెట్టాం. అది కదలకుండా రోజంతా ఉపగ్రహాల్ని వింటూ ఉంటుంది. రెండో రిసీవర్, అంటే రోవర్, మాతో పాటు తిరుగుతుంది. రెండింటి లెక్కలు పోల్చితే చోటు సెంటీమీటర్లలో తేలుతుంది. చదువులో ఇది రెండు పేజీల పాఠం. అక్కడ మాత్రం బ్యాటరీ చలికి సగం పూటకే చచ్చిపోతుంది. కోటు లోపల ఒంటికి ఆనించి ఇంకో జత మోసుకెళ్ళేవాళ్ళం. ట్రైపాడ్ మర లావు తొడుగుతో తిరగదు, తొడుగు తీస్తే అర నిమిషంలో వేళ్లు మొద్దుబారతాయి. అందుకని ముందు రోజు రాత్రి కేంద్రంలో కళ్ళు మూసుకుని మరలు బిగించడం ప్రాక్టీసు చేసేవాణ్ణి. వేసవి కాబట్టి రాత్రి అన్నది పేరుకే, సూర్యుడు అస్తమించడు. ఖండం లోపలి నుంచి జారుకుంటూ వచ్చే బరువైన చల్లగాలి తెల్లవారుజామున ఎక్కువగా వీస్తుంది, మధ్యాహ్నానికి తగ్గుతుంది. మా పని గంటలు గడియారం చెప్పేవి కావు, ఆ గాలి చెప్పేది.

రాళ్ళ మీద రంగు వేసి గుర్తు పెట్టడానికి వీల్లేదు. లార్సెమాన్ హిల్స్ 2007 నుంచి ప్రత్యేక నిర్వహణ ప్రాంతం. భారత్, ఆస్ట్రేలియా, చైనా, రష్యా, రొమేనియా కలిసి చూసుకుంటాయి. ఉపగ్రహ చిత్రంలో కనబడేలా నల్లగుడ్డ ముక్కలు శిలువ ఆకారంలో పరిచి, మూలలకు రాళ్ళు పెట్టి, పని అయ్యాక ప్రతి పోగూ ఏరుకుని తెచ్చేవాళ్ళం. గాలికి ఒక గుడ్డ ఎగిరిపోతే దాని కోసం గంటన్నర వెతికి పట్టుకున్నాం. అలా వెతకడం చాదస్తమని నాకు ఒక్క క్షణం కూడా అనిపించలేదు. పాచి తప్ప ఏదీ మొలవని నేల అది, మనం వదిలేసింది వందేళ్లయినా అలాగే ఉంటుంది.

మంచు మీదికి ఎప్పుడూ నలుగురం, ఒకే తాడు. ముందు గైడు పొడవాటి ఇనుప కడ్డీతో గుచ్చుకుంటూ నడిచేవాడు. పగుళ్ళ మీద మంచు వంతెనలా కప్పేసి ఉంటుంది, పైకి ఏమీ తెలియదు. డోల్క్ విషయంలో ఆ జాగ్రత్త రెండింతలు. 2017 జనవరి 30న ఈ హిమానీనదం పడమటి భాగంలో, ప్రోగ్రెస్ కేంద్రానికి దగ్గర్లోనే, మంచు ఒక్కసారిగా కుంగి దాదాపు 200 మీటర్ల వెడల్పు గొయ్యి పడింది. లోపల చేరిన కరుగునీటి చెరువు ఖాళీ అయిపోయి పైకప్పు కూలిందని పరిశోధకులు తేల్చారు. అంతకు ముందు జనం మామూలుగా తిరిగిన చోటు అది. మేం ఆ తర్వాతి వేసవుల్లో ఒకదానికి వెళ్లాం. ఆ పక్క మాకు అనుమతి లేదు, ఉన్నా నేను వెళ్లేవాణ్ణి కాదు. హెలికాప్టర్ నుంచే చూశాను.

అంచు గీయడం అంటే సముద్రం ఎక్కడ మొదలవుతుందో చెప్పడమేగా అని మా ఇంట్లో అడిగారు. అది అంత సుళువు కాదు. హిమానీనదం ముందు సముద్రం కూడా గడ్డకట్టి తీరానికి అతుక్కుని ఉంటుంది. అందులో విరిగిన మంచుకొండలు ఇరుక్కుని నిలబడి ఉంటాయి. వాటి మీద మళ్ళీ కొత్త మంచు పడుతుంది. ఉపగ్రహ చిత్రంలో అంతా తెలుపు మీద తెలుపు. ఏది హిమానీనదం, ఏది దాని నుంచి విడిపోయిన ముక్క, ఏది సముద్రపు మంచు? రాడార్ చిత్రాలు కొంత సాయం చేస్తాయి, మబ్బున్నా చీకటున్నా పనిచేస్తాయి. అయినా కొన్ని చోట్ల నేను గీసిన గీత మూడు వేర్వేరు రోజుల్లో మూడు రకాలుగా వచ్చింది.

అప్పుడు దీవి వైపు ఒక రాతి మీద కూర్చుని బైనాక్యులర్లతో ఆ అంచును రెండు పూటలు చూశాను. అసలు తేడా అప్పుడు దొరికింది. సముద్రపు మంచు ఆటుపోట్లకు లేస్తుంది, దిగుతుంది. గట్టుకు, హిమానీనదం గోడకు అది ఆనుకునే చోట సన్నని పగులు ఉంటుంది. పోటు వచ్చినప్పుడు ఆ పగుల్లోంచి నీళ్ళు ఉబికి మంచు తడిసి ముదురు బూడిద రంగులోకి మారుతుంది. ఆ తడి గీత ఎక్కడుందో అదే అంచు. ఇంకో గుర్తు కూడా దొరికింది. హిమానీనదం గోడలో పొరలు పైనుంచి కిందికి వరసగా కనిపిస్తాయి. విడిపోయి ఒరిగిన ముక్కలో ఆ పొరలు ఏటవాలుగా ఉంటాయి. ఈ రెండు గుర్తులు పట్టుకున్నాక తిరిగి చిత్రం ముందు కూర్చుంటే, అంతవరకూ కనబడని గీత నా కళ్ళకు కనబడింది. నా ఉద్యోగ జీవితంలో అంత సంతోషం ఇచ్చిన సాయంత్రాలు తక్కువ.

ఇలాంటి అంచు ఎప్పుడూ ఒక తేదీకి మాత్రమే నిజం. రేపు ఒక ముక్క విరిగితే గీత మారిపోతుంది. అందుకే పటం మీద తీరరేఖ పక్కనే ఏ రోజు చిత్రం నుంచి తీశామో రాయాలి. తేదీ లేని మంచు తీరం పటాన్ని నమ్మకూడదు. ఈ మాట నేను ఎవరితోనైనా వాదిస్తాను.

పేర్ల సంగతి నాకు తలకెక్కింది ఒక చెడ్డ మధ్యాహ్నం వల్ల.

ఆ తీరంలో మేం పనిచేసే చోట్లకు మాలో మేం ముద్దుపేర్లు పెట్టుకున్నాం. ఒక గుట్ట ఎత్తుగా, నల్లగా ఉండేది, దాన్ని 'కాలా పత్థర్' అనేవాళ్ళం. ఆ రోజు గాలి వేళకు ముందే లేచింది. హెలికాప్టర్‌ని తొందరగా పంపమని నేను రేడియోలో చెప్పాను. అవతల రేడియో దగ్గర గుంటూరు కుర్రాడు.

"ఎక్కడున్నారన్నా?"

"కాలా పత్థర్ పక్కన, తమ్ముడూ. కిందికి దిగుతున్నాం."

అంతే చెప్పాను. అక్షాంశ రేఖాంశాలు చదవలేదు. చేతులు మొద్దుబారాయి, జేబులోంచి రిసీవర్ తీయడానికి బద్ధకించాను. నాకు తెలియనిది ఏమంటే, మా యాత్రలోనే రాళ్ళ నమూనాలు తీసే ఇంకో జట్టు వేరే అర్ధద్వీపం మీద ఉన్న మరో నల్లగుట్టను 'కాలా పత్థర్' అంటోంది. హెలికాప్టర్ అక్కడికి వెళ్లింది. మేం లేము. వెనక్కి వెళ్లింది. ఈలోపు మబ్బు దిగింది. నలుగురం ఒక బండరాయి చాటున ఒకరినొకరు ఆనుకుని దాదాపు మూడు గంటలు కూర్చున్నాం. మాలో చిన్నవాడికి కాలివేళ్ళు తెల్లబడటం మొదలైంది. గైడు తన చొక్కా గుండీలు విప్పి, ఆ కుర్రాడి పాదాలు తన పొట్టకు ఆనించుకుని కూర్చున్నాడు. ఆ దృశ్యం ఇవాళ్టికీ నా కళ్ళ ముందు ఉంది. రేడియోలో మళ్ళీ మళ్ళీ "అన్నా, ఏ కాలా పత్థర్ అన్నా? నంబర్లు చెప్పన్నా" అని ఆ తమ్ముడి గొంతు వణుకుతూ వినబడుతోంది. నంబర్లు చదివాను. మబ్బు కాస్త తేలగానే వచ్చి తీసుకెళ్లారు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ తప్పు నాది, టెన్షన్ అందరిదీ.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా ఊళ్లో ప్రతి చేనుకీ పేరుంటుంది. ఊటగెడ్డ మడి, రావిచెట్టు చేను, కొత్తగట్టు మెట్ట. పాము కరిచిందని పరిగెత్తుకొచ్చిన పిల్లాడు "ఊటగెడ్డ మడిలో" అంటే ఊరంతా అక్కడికే పరిగెడుతుంది, ఇంకో చోటికి వెళ్లదు. పేరు ఒకటి, చోటు ఒకటి. వందలమంది ఏళ్ల తరబడి ఒకే మాట పలకడం వల్ల వచ్చిన భద్రత అది. అంటార్కిటికాలో ఊరు లేదు, తరాలు లేవు. అక్కడ ఆ పని పటమే చేయాలి.

మర్నాటి నుంచి పేర్ల పట్టిక పనిని శ్రద్ధగా మొదలుపెట్టాను. అంటార్కిటికాకు పేర్లు పెట్టే ఒకే అధికారి ఎవరూ లేరు. 1959 నాటి అంటార్కిటికా ఒప్పందం ప్రకారం ఆ నేల ఎవరి సొంతమన్న తగువు పక్కన పెట్టేశారు. మనం 1983లో ఆ ఒప్పందంలో చేరాం. నేల తగువు తేలలేదు కాబట్టి ఒక్కో దేశం తన కమిటీ ద్వారా పేర్లు పెడుతుంది. వాటన్నిటినీ స్కార్ అనే అంతర్జాతీయ శాస్త్ర సంఘం 1992 నుంచి ఒకే ఉమ్మడి పట్టికలో చేరుస్తోంది. ఇరవైకి పైగా దేశాలవి 37,000కు పైగా పేర్లు ఉన్నాయి అందులో. అయితే అసలు స్థలాలు అందులో సగం దగ్గరే. ఒకే కొండకు రెండు, మూడు పేర్లు. ఒక దేశం పెట్టింది చూడకుండా ఇంకో దేశం పెట్టేసింది. స్కార్ చెప్పే సూత్రం మాత్రం స్పష్టంగా ఉంది: ఒక స్థలానికి ఒక పేరు చాలు, ముందే ఉంటే కొత్తది పెట్టకండి. ఆచరణ ఆ దేశాల ఇష్టం.

ఇక్కడ నా సొంత ఆశ ఒకటి చెప్పాలి. మేం పనిచేసిన తీరంలో రెండు గుట్టల మధ్య నుంచి సముద్రంలోకి దిగే సన్నని మంచు పాయ ఒకటి ఉంది. మా దగ్గరున్న పటాల్లో దానికి పేరు లేదు. వంపులు తిరుగుతూ వచ్చి చివర వెడల్పై అఖాతంలో కలుస్తుంది. దాన్ని పైనుంచి చూసిన మొదటి రోజే నాకు కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలిసే చోటు గుర్తొచ్చింది. వంశధార హిమానీనదం. నోట్‌బుక్‌లో రాసుకుని కింద గీత గీసుకున్నాను. అంటార్కిటికాలోనే మంచు లేని మరో రాతినేల షిర్మాకర్ ఒయాసిస్, దాని దగ్గర మనవాళ్ళు దక్షిణ గంగోత్రి అని పేరు పెట్టిన హిమానీనదం ఉంది. 1983 నుంచి దాని మూతిని మన జియలాజికల్ సర్వే వాళ్ళు కొలుస్తున్నారు, 2005లో అది రక్షిత ప్రాంతం కూడా అయింది. గంగకు చోటు దొరికినప్పుడు వంశధారకు ఎందుకు దొరకదు అనిపించింది. నిజంగానే చాలా ఆశపడ్డాను.

ప్రతిపాదన రాయాలంటే ఏమేం కావాలో సీనియర్ ఒకాయన చెప్పారు. స్థలం ఏ రకం, అంటే హిమానీనదమా, దీవా, గుట్టా. కచ్చితమైన అక్షాంశ రేఖాంశాలు. ఏ చిత్రం, ఏ సర్వే ఆధారం. పేరు ఎందుకు, దాని అర్థమేమిటి. అన్నిటికన్నా ముందు, వేరే ఎవరూ దానికి పేరు పెట్టలేదని చూసుకున్న రుజువు. నేను మొదటివన్నీ రెండు రోజుల్లో ముగించాను. చివరిదానికి ఎనిమిది రోజులు పట్టింది.

పాత పట్టికల్లో కొన్ని చోట్లకు ఇచ్చిన అక్షాంశ రేఖాంశాలు జీపీఎస్ రాక ముందువి. కొన్ని వందల మీటర్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ తేడా. నా పాయ ఉన్న చోట వెతికితే ఏమీ రాలేదు. అందుకని చుట్టూ ఐదు కిలోమీటర్ల మేర ఉన్న ప్రతి పేరునూ తీసి, దాని వివరణ చదివి, అది చెప్పే స్థలం నిజంగా ఏదో పటం మీద పోల్చుకుంటూ వచ్చాను. ఏడో రోజు ఒక పేరు దొరికింది. సముద్రం నీళ్ళ మీద పడి ఉంది దాని చుక్క. వివరణ చదివితే, రెండు గుట్టల మధ్య సన్నని హిమానీనదం. ఎనిమిదో రోజు ఇంకో దేశం పట్టికలో ఇంకో పేరు, అదే వివరణ, చుక్క రాతి మీద ఉంది. రెండూ నా పాయే. ఒకటి కాదు, అప్పటికే రెండు పేర్లు.

లాప్‌టాప్ మూసి బయటికి వెళ్లాను. ఆ రోజు గాలి లేదు. నీళ్ళ మీద మంచు పలకలు ఒకదానికొకటి రాసుకునే శబ్దం తప్ప ఏమీ లేదు. బాధగానే ఉంది. రెండు ఉన్నాయి కాబట్టి మూడోది ఉంటే ఏమైందని ఒక మిత్రుడు అన్నాడు. మన దేశం పేరు ఒకటి ఎక్కుతుంది కదా అని కూడా అన్నాడు. నాకు బండరాయి చాటున కూర్చున్న మూడు గంటలు గుర్తొచ్చాయి. మూడో పేరు పెడితే రేపు రేడియోలో "ఏది అన్నా?" అని ఇంకో తమ్ముడు అడగాల్సి వస్తుంది. నోట్‌బుక్‌లో వంశధార మీద అడ్డగీత కొట్టాను. రెండింటిలో ముందు పెట్టిన పేరును మా పటంలో వాడమని రాశాను. రెండు చుక్కలనూ సరైన చోటికి జరపాలని, మేం కొలిచిన అక్షాంశ రేఖాంశాలు జోడించి ఒక సవరణ నోటు తయారుచేశాను. పేరు ఇవ్వలేకపోయినా దానికి సరైన చోటు ఇచ్చాం. అది చిన్న పని కాదని నా నమ్మకం.

పేరు పెట్టేయగానే నిలిచిపోతుందని అనుకునేవాళ్ళకు అదే ప్రిడ్జ్ అఖాతం వైపున ఉన్న లాంబర్ట్ హిమానీనదం కథ చెప్తాను. ప్రపంచంలోని అతి పెద్ద హిమానీనదాల్లో అదొకటి, అమేరీ ఐస్ షెల్ఫ్‌లోకి దిగుతుంది. దానికీ మొదట పేరు పెట్టింది 1952లో రాస్కోనే. 'బేకర్ త్రీ హిమానీనదం' అన్నాడు. 1947 మార్చిలో ఆ తీరం మీద మూడుసార్లు ఎగిరి ఫోటోలు తీసిన విమానం, దాని సిబ్బంది సంకేతనామం అది. అమెరికా వాళ్ళ పేర్ల పుస్తకంలో కూడా 1956లో చేరింది. కానీ అచ్చయిన పటాల మీదికి వెంటనే ఎక్కలేదు. ఈలోగా ఆస్ట్రేలియా వాళ్ళు 1956లో అక్కడ సర్వే చేసి పటం గీసి, 1957లో తమ జాతీయ మ్యాపింగ్ డైరెక్టర్ బ్రూస్ లాంబర్ట్ పేరు పెట్టారు. పటం మీద కనబడిన పేరే అందరి నోటా నిలిచింది. చావుకు తెగించి ఎగిరిన ఆ విమాన సిబ్బంది పేరు పాత పుస్తకంలో మిగిలిపోయింది. నాకు వాళ్ళంటే ఇప్పటికీ జాలి. పేర్ల కమిటీల కన్నా పటం గీసేవాడి బాధ్యత ఎంత పెద్దదో ఆ కథ చెప్తుంది.

కొత్త పేర్లు అసలు వద్దని కాదు నేననేది. నిజంగా పేరు లేని మంచు ఇంకా చాలా ఉంది. 2021లో బ్రిటన్ వాళ్ళు పశ్చిమ అంటార్కిటికాలో గెట్జ్ ప్రాంతంలోని తొమ్మిది హిమానీనదాలకు వాతావరణ ఒప్పందాలు, సమావేశాలు జరిగిన నగరాల పేర్లు పెట్టారు: జెనీవా, రియో, బెర్లిన్, క్యోటో, బాలి, స్టాక్‌హోమ్, పారిస్, ఇంచియాన్, గ్లాస్గో. అవి వేగం పెంచుకుని సముద్రంలోకి జారుతున్నాయని ఉపగ్రహాల ద్వారా కనిపెట్టాక, వాటి గురించి మాట్లాడటానికి పేర్లు కావాల్సి వచ్చాయి. అలా అవసరం పుట్టి వచ్చిన పేరు బతుకుతుంది. అలాంటి చోటు దొరికితే తెలుగు నది పేరు తప్పకుండా రాస్తాను. నాగావళి కూడా ఉంది మాకు.

తిరిగి వచ్చిన కొన్ని నెలలకు మా షీటు చేతికొచ్చింది. ఒక కాపీ చుట్టి ఊరికి తీసుకెళ్లాను. నాన్న మంచం మీద పరిచి, నాలుగు మూలలా చెంబు, ఫోను, కళ్ళజోడు పెట్టె, పంచాంగం పెట్టి, వంగి చాలాసేపు చూశారు. డోల్క్ అంచు మీద వేలు పెట్టి, గొలుసు వెంట నడిచినట్టు ఆ కొస నుంచి ఈ కొసకు నెమ్మదిగా జరిపారు.

"ఈ హద్దు ఎప్పటిదిరా?" అన్నారు.

కింద మూలన చిన్న అక్షరాల్లో ఉన్న తేదీ చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని అది చదివి, తల ఊపి, మళ్ళీ గీత మొదటి నుంచి చూడటం మొదలుపెట్టారు.